‘ది కుక్’ (1918): విసిరిన ప్లేటు కింద పడని హోటల్

మూకీ కామెడీ అనగానే చాలామందికి ఒకటే గుర్తొస్తుంది. ఎవడో ఒకడు క్రీమ్ పూసిన పెద్ద కేకు లాంటిది తెచ్చి ఇంకొకడి మొహాన కొట్టడం, వాడు ఇంకొకడి మొహాన కొట్టడం. ఆ రకం సినిమాల మీద నాకెప్పుడూ పెద్ద ఇష్టం లేదు. తిండిని అలా నేలపాలు చేస్తుంటే నవ్వు రాదు సరికదా, ప్రాణం ఉసూరుమంటుంది. మెతుకు కింద పడితే కళ్లకద్దుకుని తీసే ఇళ్లలో పెరిగినవాళ్లం, అది సహజమే. అందుకే ఈ సినిమా గురించి కాస్త వివరంగా రాస్తున్నా. ఇందులో కూడా తిండి గాల్లో ఎగురుతుంది, ప్లేట్లకు ప్లేట్లు, కప్పులకు కప్పులు వంటగది ఈ చివరి నుంచి ఆ చివరికి ఎగురుతాయి. కానీ అవతల పట్టుకునేవాడొకడున్నాడు. ఆ ఒక్క తేడాతో సినిమా ఎక్కడికో వెళ్లిపోయింది. ఆ కాలంలో తిండి మీద, హోటళ్ల మీద వచ్చిన చిన్న కామెడీల్లో నేను చూసినంతవరకు దీన్ని మించింది లేదు, కనీసం మొదటి సగం వరకు.

సినిమా పేరు ‘ది కుక్’. 1918 సెప్టెంబర్‌లో అమెరికాలో విడుదలైంది. రెండు రీళ్ల సినిమా, అంటే దాదాపు 20 నిమిషాలు. రాసింది, తీసింది, వంటవాడి వేషం వేసింది అన్నీ రోస్కో ఆర్బకిల్. జనం ఆయన్ని ‘ఫ్యాటీ’ అనేవాళ్లు, ఆ పిలుపు ఆయనకి నచ్చేది కాదు కాబట్టి నేనూ ఆర్బకిల్ అనే రాస్తాను. సర్వర్ బస్టర్ కీటన్, తర్వాత మూకీ కామెడీల్లో పెద్ద పేరు తెచ్చుకున్న నటుడు, దర్శకుడు, అప్పటికింకా 22 ఏళ్లవాడు. క్యాషియర్ అమ్మాయి ఆలిస్ లేక్, రౌడీ అల్ సెయింట్ జాన్ (ఈయన ఆర్బకిల్‌కి స్వయానా మేనల్లుడు), వీళ్లందరితో సమానంగా లూక్ అనే కుక్క. కథ అంటూ పెద్దగా ఏమీ లేదు. బుల్ పప్ అనే హోటల్, అందులో పనిచేసేవాళ్లు, ఒక రాత్రి జరిగిన గొడవ, మర్నాడు సముద్రం ఒడ్డున సెలవు. అంతే.

ఇక వంటగది. కీటన్ హాల్లో ఆర్డర్ తీసుకుని వంటగది వైపు వచ్చి కేకేస్తాడు. ఆర్బకిల్ తలెత్తి చూడడు. పొయ్యి మీద అట్టు తిరగేస్తూ, ఆ అట్టునే వీపు వెనక నుంచి ఎగరేసి ముందు పట్టుకుంటూ, చేతిలో కత్తిని గిర్రున తిప్పుతూ, అదే ఊపులో అడిగిన వంటకాన్ని అటువైపు విసిరేస్తాడు. కీటన్ కూడా అటు సరిగ్గా చూడకుండానే ప్లేటు మీద పట్టుకుని వెళ్లిపోతాడు. మళ్లీ వస్తాడు, మళ్లీ కేక, మళ్లీ విసురు. ఇందులో ఎవరూ ‘చూడండి ఎంత గొప్పగా చేశానో’ అన్న మొహం పెట్టరు. రోజూ చేసే పనే కదా అన్నట్టుంటారు, నాకు అన్నిటికన్నా నచ్చింది అదే. బాగా రద్దీగా ఉన్న టీకొట్టు దగ్గర మాస్టర్ పక్కవాడితో మాట్లాడుతూనే గ్లాసులోంచి గ్లాసులోకి మూరెడు ఎత్తున టీ తిరగబోస్తుంటాడు చూడండి, చూపు ఎక్కడో ఉంటుంది, ధార మాత్రం గ్లాసులోనే పడుతుంది, అచ్చం అలాంటి చెయ్యి ఇది. ఏళ్ల తరబడి ఒకే పని చేసినవాడి ఒంట్లో ఉండే ధీమా.

ఇంకో తమాషా, ఆ వంటగదిలో ఒక పెద్ద డ్రమ్ము ఉంటుంది. కాఫీ అడిగితే అందులోంచే, సూప్ అడిగితే అందులోంచే. ఏది అడిగితే అది అదే పాత్రలోంచి వస్తుంది, ఎవరికీ అనుమానం రాదు, కస్టమర్లు తాగేస్తారు. ఒక్క మాట కూడా లేకుండా ఆ రోజుల హోటళ్ల గురించి ఇంతకన్నా ఏం చెప్పగలరు? బయట హాల్లో తెల్లటి టేబుల్ గుడ్డలు, సంగీతం, డాన్సు. లోపల ఒకే డ్రమ్ము. మా ఇంట్లో పిల్లలు ఈ జోకు మొదటి చూపులోనే పట్టేశారు, ఎవరూ వివరించాల్సిన పని రాలేదు.

ఈ విసరడం, పట్టుకోవడం గాలివాటంగా వచ్చింది కాదు. కీటన్ నడక నేర్చిన కొన్నాళ్లకే స్టేజీ ఎక్కినవాడు, తల్లిదండ్రులతో కలిసి ‘త్రీ కీటన్స్’ పేరుతో ఊరూరా ఆడేవాళ్లు. అందులో ప్రధాన ఆకర్షణే తండ్రి ఈ పిల్లాడిని స్టేజీ మీద అటూ ఇటూ విసిరేయడం. అంటే చిన్నప్పుడు తనే ఎగిరే వస్తువు, ఎలా పడితే దెబ్బ తగలదో ఒళ్లు నేర్చేసుకుంది. ఆర్బకిల్ సంగతి ఇంకా ఆశ్చర్యం. అంత భారీ మనిషి, కానీ కదులుతుంటే బరువే తెలియదు. వేళ్ల కొసలు చూడండి, అట్లకాడ పట్టుకునే తీరు చూడండి, ఎంత నాజూగ్గా ఉంటుందో. లావుగా ఉన్న నటుడిని పెట్టుకుని లావు మీదే జోకులేసే సినిమాలు మనం బోలెడు చూశాం. ఇక్కడ అది కాదు, ఆ మనిషి చేతిలో ఉన్న పని చూసి నవ్వుతాం, ఒంటిని చూసి కాదు. ఈ విషయంలో ఆర్బకిల్‌కి రావలసినంత పేరు ఇప్పటికీ రాలేదని నాకు గట్టిగా అనిపిస్తుంది.

ఒక ఉదాహరణ. రెండు ఫోర్కులకి రెండు బన్ రొట్టెలు గుచ్చి, వాటిని కాళ్లలా చేసి టేబుల్ మీద డాన్సు చేయించడం అనగానే అందరూ చాప్లిన్ పేరే చెబుతారు. చాప్లిన్ అది ‘ది గోల్డ్ రష్’లో చేసింది 1925లో. ఆర్బకిల్ ‘ది రఫ్ హౌస్’ అనే సినిమాలో 1917లోనే చేసేశాడు, భోజనాల బల్ల దగ్గర కూర్చుని, కాసేపే, పెద్ద హంగామా లేకుండా. చాప్లిన్ చేసిందే ఇంకా అందంగా ఉంటుంది, నేను ఒప్పుకుంటాను, కానీ ముందు ఎవరు చేశారో కూడా చెప్పాలి కదా.

మళ్లీ ‘ది కుక్’కి వస్తే, హాల్లో డాన్సర్ ఆడుతుంటే కీటన్ చేతిలో పని వదిలేసి ఆమెతో పాటు ఈజిప్టు బొమ్మల్లా చేతులు వంచి ఆడటం మొదలుపెడతాడు. అది చూసి వంటగదిలో ఆర్బకిల్‌కి పూనకం వస్తుంది. గిన్నెలు, గరిటెలు, మూతలు ఏవి దొరికితే అవి నగల్లా ఒంటికి తగిలించుకుని, పురాణకాలపు రాజనర్తకిలా ఊగిపోతూ, సాసేజ్‌ల (మాంసం కూరిన గొట్టాల్లాంటివి) దండను పాములా పట్టుకుని కాటు వేయించుకుంటాడు. అప్పట్లో థెడా బారా అనే తార క్లియోపాత్రాగా, అంటే పాము కాటుతో ప్రాణం తీసుకుందని చెప్పే ఈజిప్టు రాణిగా, వేసిన సినిమా (1917) అమెరికా మొత్తం ఊపేసింది, ఇది ఆ ఊపు మీద వేసిన వేళాకోళం. ఆ సంగతి తెలియకపోయినా నష్టం లేదు. వంటగదిలో ఒంటరిగా ఉన్నప్పుడు గరిట పట్టుకుని పాటకి కాలు కదిపినవాళ్లు ఎవరైనా ఈ సీనుకి నవ్వుతారు. పనీ, ఆటా రెండూ ఒకే చోట కలిసిపోయిన ఆ నాలుగు నిమిషాలు సినిమాకి గుండెకాయ.

తర్వాత రౌడీ వస్తాడు. ఇక్కడ నా ఫిర్యాదు ఒకటుంది. క్యాషియర్ అమ్మాయిని బలవంతంగా లాగి డాన్సు చేయించడం, ఆమె వద్దంటున్నా వదలకపోవడం, అది కామెడీగా తీశారు. ఆ రోజుల సినిమాల్లో ఇది మామూలే అని సర్దిచెప్పుకోవచ్చు గానీ, ఇప్పుడు చూస్తుంటే నవ్వు ఆగిపోతుంది. పైగా ఆలిస్ లేక్‌కి సినిమాలో చేయడానికి ఇంకేమీ ఇవ్వలేదు, ఎవరో ఒకరు వెంటపడటం, ఎవరో ఒకరు కాపాడటం తప్ప. మంచి హుషారైన నటి, చేయనిచ్చి ఉంటే బాగుండేది. ఆ రౌడీని వంటవాడు, సర్వర్, మేనేజర్ ముగ్గురూ కలిసి కూడా ఏమీ చేయలేకపోతే చివరికి లూక్ వచ్చి తరిమేస్తుంది. లూక్ మామూలు కుక్క కాదండీ. నిచ్చెనలెక్కడం, ఇళ్లమీద నుంచి దూకడం ఆర్బకిల్ సినిమాల్లో దానికి అలవాటు. ఇందులోనూ దాని పరుగు చూసి తీరాలి, సెయింట్ జాన్ నిజంగానే ప్రాణభయంతో పరిగెత్తుతున్నాడేమో అనిపిస్తుంది.

హోటల్ మూసేశాక సిబ్బంది అంతా కూర్చుని స్పగెట్టీ, అంటే పొడవాటి సేమ్యా లాంటిది, తినే సీను నాకు విసురుల సీను కన్నా ఎక్కువ నచ్చిందేమో అని ఒక్కోసారి అనిపిస్తుంది. రోజంతా అంత ఒడుపుగా వంటకాలు విసిరినవాళ్లకి, పట్టుకున్నవాళ్లకి తమ వంతు తిండి నోట్లో పెట్టుకోవడం మాత్రం చేతకాదు! ఒకరు లాగుతుంటే అది ఎక్కడికో సాగుతుంది, ఇంకొకరు చుట్టబోతే జారిపోతుంది. కీటన్ ఏం చేస్తాడంటే, దాన్నంతా ఒక కప్పులో కుక్కి, అంచు దాటి వేలాడుతున్న పోగుల్ని కత్తెరతో కత్తిరించేస్తాడు. చాలా గంభీరంగా, దర్జీ గుడ్డ కత్తిరించినంత శ్రద్ధగా చేస్తాడు. తర్వాత రోజుల్లో కీటన్ సొంతంగా తీసిన సినిమాల్లో ఉండే లక్షణం, అంటే ఏ సమస్య వచ్చినా మొహం చిట్లించకుండా ఒక ఇంజనీరులా దానికో మార్గం కనిపెట్టడం, ఇక్కడే మొలకెత్తింది అనుకుంటాను. ఇంకో సంగతి, కీటన్ అంటే నవ్వని మొహం అని పేరు కదా, ఆర్బకిల్‌తో చేసిన ఈ సినిమాల్లో ఆయన హాయిగా నవ్వుతాడు కూడా. ముందే తెలుసుకుని చూడండి, లేకపోతే ఉలిక్కిపడతారు.

రెండో సగం గురించి ఎక్కువ చెప్పను. మర్నాడు ఆర్బకిల్ ఇంత పొడవు గాలంతో చేపలు పట్టడానికి వెళతాడు, కీటన్ క్యాషియర్‌ని మేక లాగే బండి ఎక్కించుకుని సముద్రం ఒడ్డున ఉన్న ఎగ్జిబిషన్ లాంటి పార్కుకి తీసుకెళతాడు, రౌడీ అక్కడికీ వస్తాడు, రోలర్ కోస్టర్ మీద పరుగులు, అమ్మాయి సముద్రంలో పడటం, కాపాడటానికి తిప్పలు. కాలిఫోర్నియాలోని లాంగ్ బీచ్‌లో అప్పట్లో ఉన్న పార్కు అది, 1918లో అలాంటి చోటు ఎలా ఉండేదో చూడాలనుకునేవాళ్లకి బాగుంటుంది. హాస్యం మాత్రం పలచబడింది. వంటగదిలో ప్రతి కదలికకీ ఒక లెక్క ఉంది, ఇక్కడ ఊరికే పరుగులే. ముగింపు కూడా అర్ధంతరంగా ఆగినట్టుంటుంది.

ఆ అర్ధంతరానికి కారణం బహుశా సినిమా చరిత్రలోనే ఉంది. ఇది దశాబ్దాల పాటు పోయిన సినిమాల లెక్కలో ఉండేది. ఆ కాలపు ఫిల్మ్ నైట్రేట్‌తో చేసేవాళ్లు, త్వరగా అంటుకుంటుంది, దాచి ఉంచినా కాలక్రమేణా పాడైపోతుంది, ఆడటం అయిపోయాక చాలావాటిని ఎవరూ దాచలేదు కూడా. అలాంటిది 1998లో నార్వే ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో పేరు రాయని డబ్బాలో దీని ప్రింటు బయటపడింది, దాంతోపాటే ఆర్బకిల్‌ది ఇంకో పోయిన సినిమా ‘ఎ రెక్‌లెస్ రోమియో’ కూడా. తర్వాత 2002లో నెదర్లాండ్స్‌లో మరికొంత భాగం దొరికింది. రెండూ కలిపి అతికితే ఇప్పుడు మనం చూస్తున్నది వచ్చింది. అమెరికా సినిమా, అమెరికాలో లేదు, చలిదేశాల్లో ఎక్కడో గుర్తుపట్టకుండా పడి ఉంది. మన దగ్గర మూకీల కాలం నాటివి ఎన్ని మిగిలాయో తలుచుకుంటే, రఘుపతి సూర్యప్రకాష్ 1921లో తీసిన ‘భీష్మ ప్రతిజ్ఞ’ కూడా ఈ రోజు చూసే వీలు లేదు కదా, ఏదో ఒక అటకమీద ఏదో ఒక డబ్బా ఇంకా ఉండి ఉంటుందేమో అన్న ఆశ పుడుతుంది. డబ్బాల మీద పేర్లు రాసి పెట్టండి బాబూ అని అరవాలనిపిస్తుంది.

సినిమా తీసిన సంవత్సరం గురించి ఒక మాట. 1918 అంటే మొదటి ప్రపంచ యుద్ధం. అమెరికాలో తిండి పొదుపు చేయమని ప్రభుత్వం 1917 నుంచే ప్రచారం చేస్తోంది, హెర్బర్ట్ హూవర్ దానికి పెద్ద. గోధుమ లేని రోజు, మాంసం లేని రోజు అని పాటించమనేవాళ్లు. ఆ రోజుల్లో హాల్లో కూర్చున్న జనం ముందు ప్లేట్లు గాల్లోకి లేస్తున్నాయంటే గుండె ఒక్క క్షణం ఆగి ఉంటుంది, అవి క్షేమంగా కీటన్ చేతిలో దిగితే ఎంత ఊరట! ఆర్బకిల్ ఇదంతా ఆలోచించి తీశాడని నేననను. ఫలితం మాత్రం అది. ఈ సినిమా విడుదలయ్యేనాటికే కీటన్ సైన్యంలో చేరాడు, ఫ్రాన్స్ వెళ్లాడు, తిరిగొచ్చేసరికి చెవి వినికిడి కొంత దెబ్బతింది. ఆ తర్వాత ఇద్దరూ కలిసి మూడు సినిమాలే చేశారు.

దీని పక్కన 1927 చివర్లో వచ్చిన లారెల్, హార్డీల ‘ది బ్యాటిల్ ఆఫ్ ది సెంచరీ’ పెట్టి చూడండి. 3,000 క్రీమ్ పైలు (మొదట్లో చెప్పిన, మొహాన కొట్టే కేకు లాంటివే) వాడామని చెప్పుకున్నారు, వీధి వీధంతా మొహాలకి పూసుకుంటారు. ఆ సినిమాని గొప్పదనేవాళ్లు చాలామంది, గొడవ ఒక్కొక్కరికీ అంటుకుంటూ పెరిగే తీరు నిజంగానే మంచి పనితనం. కానీ రెండోసారి చూడాలని నాకు అనిపించలేదు. చాప్లిన్ ‘ది ఇమిగ్రెంట్’ (1917) మాత్రం వేరే సంగతి, అందులో ఆకలితో చిక్కుడు గింజలు తినే మనిషి, జేబులో బిళ్ల ఉందనుకుంటే చిల్లు, బిల్లుకి పది సెంట్లు తక్కువైనందుకు పక్కవాడిని చితకబాదుతున్న సర్వర్లు. అది తినేవాడి వైపు నుంచి తీసిన సినిమా, భయంతో నవ్వుతాం. ‘ది కుక్’ వండేవాడి వైపు నుంచి తీసింది. హోటల్లో పనిచేసిన వాళ్లకి, ఇంట్లో పదిమందికి వండి వడ్డించే అలవాటున్న వాళ్లకి ఇది ఎక్కువ ఎక్కుతుంది. మా అత్తయ్యకి సినిమాలంటే అంత ఆసక్తి లేదు, కానీ అట్టు తిరగేసే సీనుకి మాత్రం ‘వీడెవడో నిజంగా వంటొచ్చినవాడే’ అని మెచ్చుకుంది.

ఆర్బకిల్ పేరు వెతికితే మీకు ముందు కనిపించేది సినిమాలు కాదు, కేసు. 1921లో శాన్‌ఫ్రాన్సిస్కో హోటల్లో జరిగిన ఒక పార్టీ తర్వాత వర్జీనియా రాపే అనే నటి చనిపోవడం, ఆయన మీద కేసు, మూడుసార్లు విచారణ. మొదటి రెండుసార్లు జ్యూరీ తేల్చలేకపోయింది, 1922 ఏప్రిల్‌లో మూడో జ్యూరీ నిర్దోషి అని తేల్చడమే కాదు, ఆయనకి అన్యాయం జరిగిందని రాతపూర్వకంగా చెప్పింది. అయినా కొద్దిరోజులకే సినిమాల నుంచి నిషేధించారు. ఆ ఏడాది చివర్లో నిషేధం ఎత్తేసినా పూర్వపు వెలుగు రాలేదు, వేరే పేరుతో దర్శకత్వం చేసుకుంటూ గడిపి 1933లో పోయాడు. కీటన్ మాత్రం చివరిదాకా ఆయన్ని వదల్లేదు, సినిమా ఎలా తీయాలో నేర్పింది ఈయనే అని చెబుతూనే ఉన్నాడు. ఇది తెలిశాక ఈ సినిమాలో ఆ ఇద్దరి మధ్య ఎగిరే ప్లేట్లు చూస్తుంటే నాకు మనసు నిండిపోతుంది, ఒకడు విసిరితే ఇంకొకడు పట్టుకుంటాడన్న నమ్మకం నటన కాదు.

ఎలా చూడాలి అంటే, ఇంటర్నెట్‌లో ఉచితంగానే దొరుకుతుంది, కాపీరైట్ ఎప్పుడో అయిపోయింది. అయితే జాగ్రత్త. కొన్ని కాపీలు మరీ వేగంగా పరిగెడతాయి. మూకీల కాలంలో కెమెరా చేత్తో తిప్పేవాళ్లు, సెకనుకి ఇప్పటికన్నా తక్కువ ఫ్రేములు, దాన్ని ఇప్పటి వేగంతో ఆడిస్తే మనుషులు చీమల్లా కనిపిస్తారు, చేతుల పనితనమంతా పోతుంది. ఈ సినిమాకి పనితనమే ప్రాణం కాబట్టి అలాంటి కాపీ దొరికితే వెంటనే మూసేసి ఇంకోటి వెతకండి. నేను మొదట చూసిన కాపీకి ఎవరో సంబంధం లేని సంగీతం తగిలించారు, సౌండ్ ఆపేసి చూడాల్సి వచ్చింది, ఆ మాటకొస్తే సౌండ్ లేకుండా కూడా బాగానే ఉంది. డిస్కులు కొనే అలవాటుంటే మైల్‌స్టోన్ అనే సంస్థ వాళ్లు తెచ్చిన ‘ది కుక్ అండ్ అదర్ ట్రెజర్స్’ అనే డీవీడీలో ‘ఎ రెక్‌లెస్ రోమియో’ కూడా ఉంది. మధ్యలో వచ్చే ఇంగ్లీషు రాతలు తక్కువే, చదవలేని చిన్నపిల్లలకీ, ఇంగ్లీషు రాని పెద్దవాళ్లకీ ఇబ్బంది ఉండదు. రౌడీ సీను దగ్గర పిల్లలు అడుగుతారు, అది తప్పని చెప్పండి, అంతకుమించి దాచాల్సిందేమీ లేదు.

నా మార్కులు అయిదుకి నాలుగు, పోయిన ఆ ఒక్కటీ పార్కు సీన్లకే. నచ్చితే తర్వాత ఇదే జంట మొదటి సినిమా ‘ది బుచర్ బాయ్’ (1917) చూడండి. అందులో కీటన్ బెల్లప్పాకం లాంటి మొలాసిస్ కొనడానికి డబ్బా తెస్తాడు, డబ్బులు డబ్బా అడుగునే వేసి ఇస్తాడు, ఆర్బకిల్ చూసుకోకుండా పాకం పోసేసి తర్వాత డబ్బులడుగుతాడు. ఇక ఆ బిళ్ల బయటికి తీయడానికి పాకాన్ని ఎక్కడ ఒంపాడో, కీటన్ టోపీకి ఏమైందో మీరే చూడండి.